బియ్యం నిండుకున్నాయి



2025 ఆగస్టు మొదటి ఆదివారం. రెండవ దివ్యపూజ ముగిసింది. వాన పడేలోగా ఇళ్ళకు చేరాలని జనమంతా తొందర తొందరగా వెళ్ళిపోయారు. ఒక తల్లి మాత్రం గుడి వసారాలో గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. ఆనాటి సువిశేషం, పంట బాగా పండిందని పాత కొట్లు పడగొట్టి పెద్దవి కట్టాలనుకున్న ధనవంతుని కథ. ఆ రాత్రే అతని ప్రాణం పోవలసి ఉందన్న సంగతి మీ అందరికీ తెలిసిందే. దాని మీద నేను కాస్త ఘాటుగానే ప్రసంగించాను.

"ఫాదర్ గారూ, ఒక మాట అడగొచ్చాండీ?" అందామె.

"అడుగమ్మా."

"మా మంచం కింద రెండు బస్తాల బియ్యం ఉన్నాయండీ. అది పాపమాండీ?"

నాకు నవ్వు వచ్చింది. కానీ ఆమె ముఖంలో నవ్వు లేదు. కూర్చోమని చెప్పి విషయం అడిగాను. ఇది పాపసంకీర్తనంలో విన్నది కాదు. ఆమె వసారాలో కూర్చుని చెప్పినది. "పేరు లేకుండా పత్రికలో రాయండి ఫాదర్, నాలాంటి వాళ్ళు ఇంకా ఉంటారు" అని ఆమే అన్నది గనుక రాస్తున్నాను.

ఆమె భర్త తాపీ పనికి వెళతాడు. ఆమె ఇంట్లో మిషను కుడుతుంది. ఇద్దరు పిల్లలు, అత్తగారు. వానలు మొదలైతే తాపీ పని సరిగా ఉండదు. వరుసగా పది రోజులు ఇంట్లో కూర్చోవలసి వచ్చిన సందర్భాలు ఉన్నాయి. పెళ్ళైన కొత్తలో రెండు వర్షాకాలాలు అప్పులతో గడిచాయట. అప్పుడు ఆమె ఒక నిర్ణయం తీసుకుంది. చీటీ డబ్బు చేతికి రాగానే వేసవిలోనే ఇరవై అయిదు కిలోల బస్తాలు రెండు కొంటుంది. కందిపప్పుకు ఆముదం పట్టించి డబ్బాకెత్తుతుంది. చింతపండు గింజ తీసి, ఉప్పు కలిపి జాడీలో కుక్కుతుంది. మిరపకాయలు మే నెల ఎండలో గలగలలాడేలా ఎండబెడుతుంది. పాత ఫ్రిజ్ ఒకటి చవకగా దొరికింది. సాయంత్రం చేపల బజారు కట్టేసే వేళ వెళ్ళి, మిగిలినవి తక్కువకు తెచ్చి, శుభ్రం చేసి, ఒక్కొక్క పూటకు సరిపడా పొట్లాలు కట్టి ఫ్రీజరులో పెడుతుంది. టమాటాలు కారుచవకగా ఉన్న వారంలో ఉడికించి ముద్ద చేసి దాచుతుంది. ఈ విధంగా నాలుగు నెలల వానాకాలం అప్పు లేకుండా దాటుతోంది.

ఇందులో తప్పేముంది? వింటున్న నాకు ఆ తల్లి మీద గౌరవమే కలిగింది. కానీ కథ అక్కడితో ఆగలేదు.

జూలై నెలాఖరులో ఒక సాయంత్రం పక్కింటి ఆమె చేతిలో గిన్నెతో వచ్చింది. ఆ ఇంటాయనకు జబ్బు చేసి నెల రోజులుగా పనిలేదు. నలుగురు మనుషులకు రేషను బియ్యం ఇరవై కిలోలు. అవి ఇరవయ్యో తేదీకే అయిపోయాయి. "ఒక గ్లాసుడు బియ్యం చేబదులు ఇవ్వు చెల్లీ, పిల్లలకు వండి పెడతాను" అని అడిగింది. మన తల్లి ఒక్క క్షణం మంచం వైపు చూసింది. తరువాత, "మా ఇంట్లోనూ నిండుకున్నాయక్కా" అన్నది. పక్కింటి ఆమె సరేనని వెళ్ళిపోయింది. మళ్ళీ అడగలేదు.

మన తెలుగు ఇళ్ళలో బియ్యం అయిపోతే "లేవు" అనరు. ఆ మాట ఇంటికి మంచిది కాదని పెద్దల నమ్మకం. అందుకే "నిండుకున్నాయి" అంటారు. ఆ సాయంత్రం ఆ తల్లి నోట వచ్చిన మాట అక్షరాలా నిజమే. మంచం కింద బస్తాలు నిండుగానే ఉన్నాయి. కానీ విన్న చెవికి అది అబద్ధం. అందుకే వారం రోజులుగా ఆమెకు అన్నం సహించడం లేదు.

దాచుకోవడం అవిశ్వాసమా?

ఆమె ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలు ఉన్నాయి. దాచుకోవడం తప్పా అన్నది మొదటిది. దాచుకున్నది అడిగినవారికి ఇవ్వకపోవడం తప్పా అన్నది రెండవది. ఈ రెండింటినీ కలిపేస్తే మనస్సాక్షి గందరగోళంలో పడుతుంది.

మొదటి ప్రశ్నకు పరిశుద్ధ గ్రంథం ఒక్క వాక్యంలో జవాబు చెప్పదు. ఎడారిలో ఇశ్రాయేలు ప్రజలకు మన్నా కురిసినప్పుడు, ఏ రోజుకు ఆ రోజు ఏరుకోవాలని ఆజ్ఞ. మాట వినక మరునాటికి దాచుకున్నవారి మన్నా పురుగు పట్టి కంపుకొట్టింది. అయితే అదే అధ్యాయంలో, ఆరవ రోజున రెండింతలు ఏరుకుని విశ్రాంతి దినానికి దాచుకోమని కూడా ఆజ్ఞ ఉంది. ఆ రోజు దాచినది పురుగు పట్టలేదు. కాబట్టి కుండలో దాచడమే తప్పయితే రెండుసార్లూ కుళ్ళాలి. ఎందుకు దాచారన్నదే అక్కడ తేడా. మన ప్రభువు, ఆయన శిష్యులు కూడా ఒక డబ్బుసంచి ఉంచుకున్నారని యోహాను సువార్త చెబుతుంది. అది యూదా చేతిలో ఉండటం వేరే విషాదం.

నేను పెద్ద గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో పునీత తోమాసు అక్వినాసు గ్రంథాన్ని పరీక్షల కోసం చదివాను. ఆయన పదమూడవ శతాబ్దంలో రాసిన సంగతులకు మా విచారణలోని వంటింటితో సంబంధం ఉంటుందని అప్పుడు అనుకోలేదు. ఆయన తన 'సుమ్మా థియొలాజికా'లో, భవిష్యత్తును గురించి జాగ్రత్తపడటం న్యాయమా అని ప్రశ్న వేసుకుంటారు. ప్రతి కాలానికీ దాని పని ఉంటుంది, వేసవిలో కోతల గురించి ఆలోచించాలి, ద్రాక్షపండ్ల కాలంలో ద్రాక్షల గురించి ఆలోచించాలి, ఆ కాలం రాకముందే దాని దిగులు నెత్తిన పెట్టుకోవడమే ప్రభువు వద్దన్న చింత అని ఆయన వివరణ. చీమను గ్రంథం మెచ్చుకున్నది కూడా అది తగిన కాలంలో తగిన జాగ్రత్త పడుతుంది గనుకనే అంటారు.

మన అమ్మమ్మలు అక్వినాసును చదవలేదు. కానీ సంక్రాంతికి ధాన్యం, మాఘ ఫాల్గుణాల్లో కంది, చింతపండు, వేసవిలో మిరప, అప్పడాలు, వడియాలు, మామిడి ముదిరాక ఆవకాయ, వానల ముందు కట్టెలు, ఇలా కాలం కాలానికి పని పంచుకుని బతికారు. అది దేవుని మీద అపనమ్మకం అని నేను ఒప్పుకోను. ఎండను ఇచ్చినవాడు మిరపకాయలు ఎండబెట్టుకునే తెలివిని కూడా ఇచ్చాడు. బిడ్డలు ఆకలితో ఉంటారని తెలిసీ ఏమీ దాచని తల్లి "దేవుడే చూసుకుంటాడు" అంటే, అది విశ్వాసం పేరుతో చేసే అలక్ష్యం.

ఎంత దాచితే చాలు?

అసలు చిక్కు ఇక్కడ ఉంది. రెండు బస్తాలు సరే. నాలుగయితే? పది అయితే? ధనవంతుడు కూడా జాగ్రత్తే పడుతున్నానని అనుకుని ఉంటాడు.

దీనికి కూడా అక్వినాసు ఒక కొలత చూపించారు. మిగులులో నుండి పేదలకు ఇవ్వడం మన దయాదాక్షిణ్యం కాదు, బాధ్యత అంటారు ఆయన. అప్పుడు ఎవరైనా, "రేపు ఏం జరుగుతుందో ఎవరికి తెలుసు? నా దగ్గర మిగులు అంటూ ఏముంది?" అని అడగవచ్చు. భవిష్యత్తులో జరగగల ప్రతి ఆపదనూ లెక్కవేసుకుంటూ పోనవసరం లేదు, మామూలుగా, చాలావరకు ఏం జరుగుతుందో దానిని బట్టి ఏది అవసరమో ఏది మిగులో తేల్చుకోమని ఆయన జవాబు. ఎంత చక్కని మాట! ఆకలికి ఒక కొలత ఉంది. ఇంటిల్లిపాదికి రోజుకు ఇన్ని గ్లాసుల బియ్యం అని లెక్క తేలుతుంది. భయానికి అలాంటి లెక్క లేదు. భయపడే మనిషికి పది బస్తాలున్నా పదకొండవది కావాలనిపిస్తుంది.

ఈ కొలతతో చూస్తే ఆ తల్లి రెండు బస్తాలు ఆమె అవసరమే. వానాకాలంలో తాపీ పని ఆగడం ఊహించుకున్న ఆపద కాదు, ఏటేటా జరిగేదే. తన పిల్లల ప్రాణాధారాన్ని మొత్తం ఎత్తి ఇవ్వాలని శ్రీసభ ఎవరినీ బలవంతం చేయదు. "తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం" అన్న మన సామెతలో కొంత నిజం ఉంది.

కొంత నిజమే అన్నాను. ఎందుకంటే ఆ సామెతను ఎక్కువగా వాడేది కొట్లు నిండుగా ఉన్నవాళ్ళే. ఏలీయా ప్రవక్తను ఆదరించిన సారెఫతు విధవ దగ్గర ఉన్నది పిడికెడు పిండి, కొద్దిపాటి నూనె. ఆమె ముందుగా ఒక చిన్న రొట్టె చేసి ప్రవక్తకు ఇచ్చింది. తరువాత ఆమె ఇల్లు పిండి బస్తాలతో నిండిపోలేదు, గమనించండి. ఆ కుండలో పిండి తరిగిపోలేదు, అంతే. అవసరానికి సరిపడా ఉండటమే ఆ అద్భుతం.

దాచుకోలేనివారి సంగతి

మరొక విషయం కూడా మనం మరచిపోకూడదు. దాచుకోవాలంటే ముందు చేతిలో ఒకేసారి కొంత డబ్బు ఉండాలి. బస్తా కొనేవాడికి కిలో ధర తక్కువ పడుతుంది. ఏ పూటకాపూట కిలో బియ్యం, చిన్న నూనె ప్యాకెట్టు కొనేవాడికి ఎక్కువ పడుతుంది. అంటే ఒకే బజారులో పేదవాడు అదే సరుకుకు ఎక్కువ చెల్లిస్తున్నాడు. చీటీ కట్టే శక్తి లేదు. పెట్టుకోవడానికి పొడిగా ఉండే మూల లేదు. వాన పడితే ఇల్లు కారుతుంది. అలాంటి ఇంటివారిని చూసి "వీళ్ళకు ముందుచూపు లేదు" అనడం అన్యాయం. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఇది మనమంతా కళ్ళారా చూశాం. డబ్బున్నవారు రెండు నెలల సరుకులు ఇళ్ళకు చేర్చుకున్నారు. రోజు కూలీలు మాత్రం పిల్లలను చంకనెత్తుకుని జాతీయ రహదారుల వెంట నడిచారు.

దాచినవాడికి దాచుకోలేనివాడి మీద తెలియకుండానే ఒక అధికారం వస్తుంది. యోసేపు కథను మనం పిల్లలకు ఆదర్శంగా చెబుతాం. పండిన ఏడేళ్ళలో అయిదవ వంతు ధాన్యం దాచి, కరువులో ఐగుప్తును బతికించాడు. అయితే ఆదికాండం 47వ అధ్యాయం కూడా చదవండి. ఆ ధాన్యం కోసం ప్రజలు మొదట డబ్బు ఇచ్చారు, తరువాత పశువులను ఇచ్చారు, చివరకు పొలాలనూ తమ్మునూ ఫరోకు అమ్ముకున్నారు. ప్రాణాలు నిలిచాయి, కానీ స్వేచ్ఛ పోయింది. తాళం చెవి ఎవరి చేతిలో ఉంటే వారు జాగ్రత్తగా ఉండాలి.

ఈ మాట ఇతరులకు చెప్పే ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక విచారణలో, సంక్రాంతికి రైతులు ప్రథమ ఫలాలుగా బియ్యం తెచ్చి ఇచ్చారు. విచారణ పండుగకు భోజనాలు పెట్టాలని ఆరు బస్తాలు గది లోపల పెట్టి తాళం వేయించాను. పండుగ అక్టోబరులో. మధ్యలో వానలు. గదిలో చెమ్మ చేరింది. సెప్టెంబరులో తలుపు తీస్తే మూడు బస్తాలు ముక్కపురుగు పట్టి, ఉండలు కట్టి, బూజు వాసన. పారబోయించాను. అప్పుడు మా ఉపదేశి మెల్లగా, "ఫాదర్ గారూ, గుడి వెనక వీధిలో ఆ ముసలమ్మ శ్రావణ మాసమంతా గంజితోనే గడిపిందండీ" అన్నాడు. గుడి గోడకు ఇవతల అన్నం కుళ్ళింది, అవతల ఆకలి ఉంది. మధ్యలో తాళం నాది. కైసరియాలో కరువు వచ్చినప్పుడు ధనికుల కొట్లు తెరిపించిన పునీత బాసిలు, నీ అరలో పడి ఉన్న రొట్టె ఆకలిగొన్నవానిదేనని తన ప్రసంగంలో హెచ్చరించారు. ఆ ప్రసంగం నేను గురువిద్యాలయంలో చదివాను. మార్కులు కూడా బాగానే వచ్చాయి.

పారేయడం గురించి ఇంకొక్క మాట. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం ఇళ్ళలోనే. చెత్తబుట్టలో పడే అన్నం పేదవాని బల్ల మీద నుండి దొంగిలించినట్లే అని ఫ్రాన్సిస్ జగద్గురువులు 2013లోనే హెచ్చరించారు. ఫ్రీజరు అడుగున ఎప్పుడు పెట్టామో మనకే తెలియని పొట్లం ఒకటి ఉంటే, అది కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

నేను చెప్పిన జవాబు

ఆ తల్లికి నేను చెప్పినది ఇది. "అమ్మా, నీ బస్తాలు పాపం కాదు. నీ పిల్లల కోసం నీవు పడిన కష్టం అది. ఆ కష్టంలో అబద్ధానికి చోటు ఇచ్చావు, అదొక్కటే తప్పు. 'ఉన్నాయక్కా, కానీ అక్టోబరు దాకా ఇవే మాకు ఆధారం, ఈ గ్లాసుడు తీసుకో' అని ఉంటే నీ బస్తా ఏమీ తరిగిపోయేది కాదు. యాభై కిలోలలో గ్లాసుడు బియ్యం ఎంత? 'నిండుకున్నాయి' అన్నాక ఆ బియ్యం నీవు దాచుకున్నవి కాక దాచిపెట్టినవి అయ్యాయి. నీకు నిశ్చింత ఇవ్వడానికి కొన్న బియ్యమే నీ నిశ్చింతను తిన్నాయి."

ఆమె ఇంటికి వెళ్ళింది. తరువాత ఏం జరిగిందో పది రోజులకు తనే వచ్చి చెప్పింది. ఆ సాయంత్రమే ఒక గిన్నెడు బియ్యం తీసుకుని పక్కింటికి వెళ్ళి, "ఆ రోజు అబద్ధం చెప్పానక్కా" అన్నదట. పక్కింటి ఆమె గిన్నె అందుకుని, "నాకు తెలుసు చెల్లీ. ఆ బస్తాలు ఆటోలో నుండి దించినప్పుడు మీ ఆయనకు తలుపు పట్టుకున్నది నేనే కదా" అన్నదట.

తెలిసి కూడా ఆమె మారు మాట్లాడకుండా, ఎవరితోనూ చెప్పకుండా వెళ్ళిపోయింది. ఆ ఇద్దరిలో ఎవరు ఎవరికి ఎక్కువ ఇచ్చారో మీరే ఆలోచించండి.

ప్రియమైన తల్లులారా, తండ్రులారా! ఇళ్ళలో సరుకులు నింపుకోండి. ఏ కాలంలో ఏది చవకో చూసి కొనుక్కోండి. బియ్యంలో వేపాకు వేసి, నేలకు తగలకుండా చెక్క మీద పెట్టండి. పాతది ముందు వాడి కొత్తది వెనక పెట్టండి. ఫ్రీజరులోని పొట్లం మీద తేదీ రాయండి, ఒకసారి కరిగినదానిని మళ్ళీ గడ్డకట్టించకండి. ఇవి చిన్న పనులే అయినా దేవుడిచ్చిన అన్నానికి మనం చూపించే మర్యాద.

వీటితో పాటు ఇంకొక పని చేయండి. నా చిన్నతనంలో మా అమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. మేము ఉన్నవాళ్ళం కాదు, ఆ పిడికెడు మా గిన్నెలో నుండి వెళ్ళేదే. నెలాఖరుకు ఆ కుండ ఏదో ఒక ఇంటికి వెళ్ళేది. ఏ ఇంటికో మాకు చెప్పేది కాదు. మిజోరంలో ప్రెస్బిటేరియన్ సహోదరీలు 1910 నుండి ఇదే పద్ధతిలో పిడికెడు బియ్యం కూడబెట్టి గొప్ప సేవ చేస్తున్నారు. మనం చేయలేమా? కుదిరితే మరొకటి కూడా. నలుగురైదుగురు కలిసి వారానికి ఇంత అని వేసుకుని, సరుకులు కలిపి కొనుక్కోండి. బస్తా ధర ఒంటరిగా అందనివారికి అప్పుడు అందుతుంది. ఆ చీటీలో మీ వీధిలో అందరికన్నా లేని ఇంటిని తప్పక చేర్చుకోండి.

పరలోక జపంలో ప్రభువు మనకు నేర్పినది "నాకు" అని అడగడం కాదు, "మాకు" అని అడగడం. ఆ "మాకు"లో పక్కింటి గిన్నె కూడా ఉంది. ఈసారి ఆ గిన్నె మీ గుమ్మం ముందుకు వచ్చినప్పుడు మీ బియ్యం నిజంగా నిండుకుని ఉంటే, ఆ మాట నిర్భయంగా చెప్పండి. ఉంటే, ఉన్నాయని చెప్పి, మీ శక్తి కొలది కొలిచి ఇవ్వండి. ఆ కొలతను దేవుడు ఆశీర్వదించును గాక. ఆమెన్.